ఒక్క కెమెరా, ఇంకొకరి చేతులు

మొన్న మా చూలై పేటలో, వీధి చివరింట్లో ఒక బిడ్డకు పేరు పెట్టారు. బిడ్డ ఒకటి, కెమెరాలు నాలుగు. ఐదోది గాల్లో ఎగురుతూ బిడ్డను ఏడిపించింది. భోజనాల దగ్గర ఆ కెమెరాల వాళ్ళు నా పక్కనే కూర్చుని, మాటల్లో నా పూర్వాశ్రమం తెలుసుకుని, ఒక్క కెమెరాతో అన్నేళ్ళు ఎట్లా లాగించారండీ పాపం అని అడిగారు. ఆ 'పాపం' దగ్గర నాకు పాయసం గొంతులో అడ్డం పడింది. ఈ నాలుగు పేజీలు వాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను మద్రాసులో ఒక చిన్న వీడియో కంపెనీలో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఊరి పేరు చెన్నై అయింది, టేపులు పోయి కార్డులొచ్చాయి, నా జుట్టు పోయింది. మా కంపెనీలో కెమెరా మాత్రం ఎప్పుడూ ఒకటే. ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్ళకు పని నేర్పే సినిమాలు, ఆస్పత్రి వాళ్ళ సినిమాలు, ఇంటి పెద్దల మీద కుటుంబాల వాళ్ళు తీయించుకునే సినిమాలు, అన్నీ దాంతోనే. నాలుగు కెమెరాలున్నవాడు జరిగేది తీస్తాడు. ఒక్క కెమెరా ఉన్నవాడు జరిగినదాన్ని మళ్ళీ జరిపిస్తాడు. ముందు దూరం నుంచి మొత్తం తీస్తాం. తర్వాత అదే పని మళ్ళీ చేయించి దగ్గర నుంచి మొహం తీస్తాం. మళ్ళీ చేయించి చేతులు తీస్తాం. చివరికి అన్నీ అతికిస్తే ఒక్కసారే జరిగినట్టు ఉంటుంది. మర్యాదగా చెప్పాలంటే ఇది కళ. మా ఆవిడ మాత్రం అబద్ధం అనేది.

అందులో మనుషులకు ఎక్కువ నవ్వు తెప్పించేది వినేవాళ్ళ మొహం తీయడం. ఒకరు అడుగుతారు, ఒకరు చెప్తారు. ఉన్నది ఒక్క కెమెరా కాబట్టి అది చెప్పేవాళ్ళ మీదే ఉంటుంది. వాళ్ళు చెప్పడం అయిపోయి, లేచి భోజనానికి వెళ్ళాక కెమెరాను అటు తిప్పి, అడిగినవాళ్ళను కూర్చోబెట్టి, అవే ప్రశ్నలు ఖాళీ కుర్చీని అడిగించి తల ఊపిస్తాం. ఒకసారి ఒక పెద్ద చదువుల మేడం చూపు నిలవడం లేదంటే, ఎదురు కుర్చీలో మా టిఫిన్ క్యారియర్ పెట్టాను. ఆవిడ దాన్ని చూస్తూ ఎంత కరుణగా తల ఊపిందో! సినిమా చూసినవాళ్ళంతా ఆవిడ వినే తీరును మెచ్చుకున్నారు. లోపల ఉన్నది పెరుగన్నం.

ఇక అసలు సంగతి. నేను రిటైరయ్యే ముందు సంవత్సరం జార్జి టౌన్‌లో ఒక తాళ్ళ వ్యాపారి మీద సినిమా తీయాల్సి వచ్చింది. ఆయనకు ఎనభై నిండుతున్నాయి. శతాభిషేకం నాడు హాల్లో అందరి ముందూ వేయడానికి ఇరవై నిమిషాల సినిమా కావాలని మా ఆఫీసుకొచ్చి మాట్లాడింది ఆయన తమ్ముడి కొడుకు. నలభై ఐదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, నైలాన్ తాళ్ళ ఏజెన్సీ నడిపేవాడు. పెదనాన్నది కొబ్బరి పీచు తాళ్ళు, నార తాళ్ళు, పడవలకు కట్టే లావు మోకుల అంగడి. మూడు తరాలది. తమ్ముడు పోయేటప్పుడు, నా తర్వాత నీ కొడుకే ఈ అంగడిలో కూర్చుంటాడని పెద్దాయన నలుగురిలో మాట ఇచ్చాడట. ఆ అంగడి పెద్ద వేసుకునే ఉంగరం ఒకటుంది, తాత నుంచి వస్తున్నది. హాల్లో సినిమా అయిపోగానే పెద్దాయన ఆ ఉంగరం తీసి తమ్ముడి కొడుకు వేలికి తొడగాలి. కార్యక్రమం అది. కాగితం మీద ఎనిమిది ప్రశ్నలు కూడా రాసిచ్చాడు.

పెద్దాయనకు చెవుడు. ఎవరి గొంతూ సరిగ్గా వినపడదు, కూతురిది తప్ప. అందుకని ప్రశ్నలు ఆవిడ అడగాలని ఏర్పాటు. ఆవిడకు యాభై దాటాయి. అయినా ఆ వీధిలో బండ్ల వాళ్ళ దగ్గర నుంచి ఎదురింటి కాగితాల షాపు వాళ్ళ దాకా అందరూ ఆవిడను పాప అనే పిలిచేవాళ్ళు. కాపురం చింతాద్రిపేటలో. పద్దెనిమిదేళ్ళ కిందట తండ్రి మోకాళ్ళు మొరాయించిన రోజున, నాలుగు రోజులు చూసి పోదామని వచ్చిందట. ఆ నాలుగు రోజులు ఇంకా అవలేదు. రోజూ పొద్దున సిటీ బస్సులో వచ్చి, అంగడి తెరిచి, సరుకు దించుకుని, సాయంత్రం మళ్ళీ బస్సెక్కేది. కానీ పెళ్ళయి వేరే ఇంటిపేరులోకి వెళ్ళిన మనిషి కదా. ఆ ఎనిమిది ప్రశ్నల్లో ఒక్కదానిలోనూ ఆవిడ ఊసు లేదు. శతాభిషేకం మర్నాటి నుంచి ఆవిడ ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోవచ్చని చుట్టాలంతా సంతోషంగా అనుకుంటున్నారు. విశ్రాంతి కావాలని ఆవిడ ఎవరితో అన్నదో నాకు తెలియదు.

షూటింగుకు పోయిన పొద్దున లైట్లు దించుతుంటే ఆవిడే మాకు టీ తెప్పించింది. నాతో పాటు మా సౌండు మనిషి ఉన్నాడు. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద, తమిళాయన. ఒకసారి రికార్డింగు నొక్కాడంటే టీ వచ్చేదాకా ఆపడు. నేను కెమెరా ఆపినా ఆయన యంత్రం తిరుగుతూనే ఉండేది. ఎందుకయ్యా ఈ దండగ అని నేను ముప్పై ఏళ్ళు ఎగతాళి చేశాను. మనిషి నిజం మాట్లాడేది మీరు కట్ చెప్పినాకే సార్ అని ఆయన ముప్పై ఏళ్ళూ అదే జవాబు చెప్పాడు.

టీ తాగుతూ ఆవిడ కాగితం మీది ప్రశ్నలు మనసులో చదువుకుంది. చదివి, మడిచి, నన్ను అడిగింది.

"అన్నా, దీంట్లో నా మొహం వస్తాదా?"

"చివర్లో ఒకటి రెండు చోట్ల, మీరు వింటున్నట్టు వేస్తామమ్మా."

"మొహం రాకపోయినా పోనీ. పద్దెనిమిదేళ్ళు నేను ఈడ కూర్చున్నానని నాయన నోటితో ఒక్క మాట వస్తే చాలు. ఈ పండగైనాక ఎట్లాగూ కూర్చోను గదా."

మామూలుగానే అన్నది. అని, లోపల్నుంచి దించాల్సిన నార కట్ట ఏదో గుర్తొచ్చి లేచిపోయింది.

పెద్దాయన తొమ్మిదింటికి వచ్చాడు. తెల్ల చొక్కా, పంచె, కుడిచేతి వేలికి ఆ ఉంగరం. నా పరికరాలన్నీ కళ్ళతోనే లెక్క వేసి, కూతురితో చెప్పాడు.

"ఒకటే తెచ్చినాడే. నిన్న ఎదురింటోళ్ళ పిల్ల పుట్టినరోజుకు మూడొచ్చినాయి."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ, ఈయన ఒక్కదాంతోనే మూడు పనులు చేస్తాడంట నాయనా అని నన్ను కాపాడింది.

ముందు దూరం నుంచి తీశాను. తాళ్ళ చుట్టల మధ్య పెద్దాయన కూర్చుని ఉండటం, కొనేవాడు రావడం, ఆయన తాడు కొన పట్టుకుని పురి విప్పి చూపించడం. తాడు మంచిదా కాదా అని చూసే పద్ధతి అది. కొనను కొంచెం విప్పి, లోపలి పేటలు విడదీసి, నార పొడుగు చూసి, వాసన చూసి, మళ్ళీ పురి పెట్టేస్తారు. ఒకసారి అయ్యాక నేను అలవాటుగా ఇంకోసారి అన్నాను. కూతురు ఆ మాట చెవిలో చెప్తే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒక కొన ఒకసారే విప్పాలబ్బా. రెండోసారి విప్పితే పురి కూర్చోదు. నీకు మళ్ళీ కావాలంటే కొత్త కొన కొయ్యాల."

అట్లా నేను ఇంకోసారి అన్నప్పుడల్లా ఒక జానెడు తాడు కోసి అవతల పారేశారు. పదకొండింటికల్లా నా కాళ్ళ దగ్గర తాడు ముక్కలు గుట్టపడ్డాయి. అది చాలదన్నట్టు, నేను చేతిని ఇట్లా తిప్పండి, తాడు ఇట్లా పట్టుకోండి అని ఆయనకు సైగలతో చెప్పడం మొదలుపెట్టాను. అరవై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషికి! తాతకు దగ్గులు నేర్పడం అంటే ఏమిటో ఆ పూట నేను చేసి చూపించాను. సౌండు మనిషి తల వంచుకుని యంత్రంలోకి చూస్తూ కూర్చున్నాడు. నవ్వుతున్నాడని భుజాలు చెప్పాయి.

తర్వాత ప్రశ్నలు. అంగడి వెనక గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశాం. కెమెరా పెద్దాయన మీద, కూతురు కెమెరా పక్కన. ఆవిడ అడిగింది, ఆయన చెప్పాడు. తాత ఎట్లా వచ్చాడు, పడవలకు మోకులు ఎట్లా పంపేవాళ్ళు, అన్నీ బాగానే చెప్పాడు. ఈ అంగడి ఇన్నేళ్ళు ఎట్లా నిలబడింది అన్న ప్రశ్నకు మాత్రం దేవుడి దయ అన్నాడు, పెద్దల ఆశీర్వాదం అన్నాడు, తమ్ముడి కొడుకు మంచివాడన్నాడు. బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. నేను వ్యూఫైండర్‌లోంచి కన్ను తీసి కూతురి వైపు చూశాను. ఆవిడ తర్వాతి ప్రశ్న వెతుక్కుంటూ కాగితం దగ్గరగా పట్టుకుంది.

ఇక మిగిలింది చేతులు. తాళ్ళ వ్యాపారి మీద సినిమా అంటే చేతులే కదా ప్రాణం. దూరం నుంచి తీసినప్పుడు తెలియలేదు గానీ, దగ్గరకు పోయి చూస్తే పెద్దాయన చేతులు వణుకుతున్నాయి. ఫ్రేము నిండా వణుకే. రెండుసార్లు ప్రయత్నించాం. మూడోసారికి ఆయనే తాడు కింద పెట్టేసి ఒళ్ళో చేతులు ముడుచుకున్నాడు. నాకు బాధేసింది. కానీ మా పనిలో బాధకు కూడా ఒక ఉపాయం ఉంటుంది. మొహం ఒకరిది, చేతులు ఇంకొకరివి. దగ్గర నుంచి తీస్తే ఎవరికీ తెలియదు. నేను అంతకు ముందు ఎంతమంది డాక్టర్లకు నర్సుల చేతులు అతికించానో నాకే లెక్క తెలియదు.

కూతుర్ని అడిగాను. ఆవిడ తండ్రి వైపు చూసి, ఆయన తల ఊపాక గాజులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పెద్దాయనది ఇంకో చొక్కా ఇంట్లోంచి తెప్పించి ఆవిడ చీర మీదే తొడిగించాం. నా తెలివి అక్కడితో ఆగలేదు. ఉంగరం లేకపోతే తేడా తెలుస్తుందని, ఉంగరం కూడా కావాలన్నాను. పెద్దాయన ఒక్క క్షణం నన్ను చూసి, తీసి తనే కూతురి కుడిచేతి వేలికి పెట్టాడు. కొంచెం వదులైతే నార పోగు చుట్టి బిగించాడు. ఆవిడ కొత్త కొన తీసుకుని పురి విప్పింది. ఏం చేతులండీ అవి! ఇంకోసారి అనే అవసరమే రాలేదు. తాడుకు ఎక్కడ బిగువుందో వేళ్ళకు ముందే తెలుసు.

నేను గర్వంగా ఆ షాట్‌ను చిన్న తెర మీద పెద్దాయనకు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"బాగుండాది" అన్నాడు. కూతురు పెదవులు బిగపట్టి పక్కకు తిరిగింది. ఆ నవ్వెందుకో నాకు అప్పుడు తెలియలేదు.

చివరిగా వినే మొహం. కెమెరాను అటు తిప్పి కూతురి మీద పెట్టాను. చొక్కా తీసేసింది గానీ గాజులింకా ఒళ్ళోనే ఉన్నాయి, ఉంగరం వేలికే ఉంది. ఇంక మీరు భోజనానికి వెళ్ళొచ్చు పెద్దాయనా అని నేను సైగ చేస్తే ఆయన కదల్లేదు. నేను పోతే అది ఎవరినడుగుతాది అన్నాడు. ఉత్తినే అడుగుతుందండీ, మీరు జవాబు చెప్పనక్కర్లేదు అని కూతురు ద్వారా చెప్పించాను. సరే అని అట్లాగే కూర్చున్నాడు. నాకు టిఫిన్ క్యారియర్ కంటే ఆయనే నయమనిపించింది.

ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టి, తల ఊపుతూ, మూడోదానికి వచ్చింది. ఈ అంగడి ఇన్నేళ్ళు ఎట్లా నిలబడింది నాయనా అని అడిగింది. ఉత్తినే అడిగింది. ఆయన జవాబు చెప్పాడు.

"ఆ చేతులతోనే. ఇప్పుడు ఆయన తీసినాడే, ఆ చేతులతో. పద్దెనిమిదేళ్ళుగా జనం తాడు తీసుకునేది నీ చేతుల్లోంచే, నావి అనుకుంటా ఉండారు. నేను కూడా అట్లనే అనుకోనిచ్చినాను."

మీలో చాలామందికి ఈపాటికి చెయ్యి దురద పెడుతుంటుంది. నాకూ పెట్టింది. మాట్లాడేది ఆయన, కెమెరా ఆవిడ మీద. ఆ రోజంతా ఎదురుచూసిన మాట నా వీపు వెనక నుంచి వస్తోంది. ట్రైపాడ్ బిగింపు వదులు చేసి ఇటు తిప్పుదామని చెయ్యి వేశాను. సౌండు మనిషి చెవులకు హెడ్‌ఫోన్లతోనే నా వైపు చూసి, వేండాం అన్నట్టు ఒక వేలు అడ్డంగా ఊపాడు. పెద్దాయన కాలర్ మైకు ఇంకా తీయలేదు. యంత్రం తిరుగుతూనే ఉంది. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, కూతురి మొహం మీదే ఉండిపోయాను.

ఆవిడ ఏడవలేదు. మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత తలొంచుకుని తన చేతులు చూసుకుంది. కొత్తవి చూసుకున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఉంగరం తీయబోయింది.

"తియ్యబాక" అన్నాడు ఆయన.

ఆవిడ అప్పుడు తల ఎత్తింది. "ఈ గదిలో చెప్తే ఏం లాభం నాయనా? ఆడ నలుగురిలో చెప్పు. అప్పుడు ఏసుకుంటాను." అని ఉంగరం తీసి ఆయన చేతిలో పెట్టేసింది. ఆయన దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, తమ్ముడికి మాట ఇచ్చినానమ్మా అన్నాడు. ఆవిడ గాజులు ఒక్కొక్కటే తొడుక్కుంది. అవన్నీ నా కార్డు మీద ఉన్నాయి. ముప్పై రెండేళ్ళలో నేను తీసిన అన్నిటికంటే మంచి షాట్ అదే. అందులో నేను చేసిన పని, చెయ్యి వెనక్కి తీసుకోవడం.

ఎడిటింగులో నేను దాన్ని మధ్యలో ఎక్కడా కత్తిరించలేదు. ఉంగరం మాట దగ్గర ఆపి, ముందుదంతా సినిమా చివర పెట్టాను. తమ్ముడి కొడుకు వచ్చి చూశాడు. ఆ ముక్క తీసేయండి సార్ అన్నాడు. కోపంగా అనలేదు. నలుగురిలో ఇచ్చిన మాట ఒకటి, సినిమాలో వచ్చే మాట ఒకటి అయితే పెదనాన్నను జనం ఏమనుకుంటారు అన్నాడు. అయినా మాట్లాడుతున్నది ఆయన, తెర మీద మొహం అక్కది, ఇది మీ పద్ధతిలో తప్పు కాదా అని కూడా అడిగాడు. మా యజమాని వెనక నిలబడి కస్టమరు చెప్పిందే న్యాయం అన్నాడు. నాకు రిటైర్మెంటు నాలుగు నెలలుంది.

తీసేశాను. దాచుకోవడం ఎందుకు, అతుకు కనపడకుండా ఎంతో శ్రద్ధగా తీసేశాను. ఆవిడ అడిగింది ఒక్క మాట. అది నా చేతిలో ఉండి కూడా పారేశాను. నా పనితనం గురించి మీకు గొప్పలు చెప్పేటప్పుడు ఇది కూడా చెప్పాలి కదా. చేతులు మాత్రం ఉంచాను. ఆ చేతులు బాగున్నాయని, ఎవరివో జనానికి తెలియదులెమ్మని, వాటిని ఇంకొంచెం ఎక్కువసేపు వేయమని అతనే అడిగాడు.

శతాభిషేకం నాడు హాలు నిండిపోయింది. పెద్దాయన, ఆయన భార్య పూలదండలతో వేదిక మీద, వాళ్ళ వెనక కూతురు. కింద చుట్టాలు ఒకవైపు. ఇంకోవైపు ముందు వరసల్లో అంగడి మనుషులు. బండ్ల వాళ్ళు, మూటలు దించేవాళ్ళు, హార్బరులో పడవలకు మోకులు కొనేవాళ్ళు, అందరూ ఉతికిన చొక్కాలతో ఉన్నారు. నేనూ సౌండు మనిషీ ప్రొజెక్టరు పక్కన నిలబడ్డాం. లైట్లు ఆర్పారు. సినిమా బాగానే నడిచింది. దేవుడి దయ అన్నప్పుడు చప్పట్లు కొట్టారు. తమ్ముడి కొడుకు పేరు వచ్చినప్పుడు ఇంకా గట్టిగా కొట్టారు.

అప్పుడు చేతులొచ్చాయి. హాలంత తెర మీద రెండు చేతులు, తెల్ల చొక్కా అంచు, ఉంగరం, తాడు కొన. పురి విడిపోతోంది. ముందు వరసలో మోకులు కొనే ముసలాయన ఒకడు పక్కవాడితో, తను మెల్లిగానే అంటున్నాననుకుని, హాలంతా వినపడేట్టు అన్నాడు.

"ఇవి పెద్దాయన చేతులు కావే. పాప చేతులు గదా."

పక్కవాడు అవునన్నాడు. వెనక వరసవాడు లేచి, పెద్దాయన పురి విప్పేది ఎడం చేత్తో, ఉంగరం చేతిని ఎప్పుడన్నా తాడుకు తగలనిచ్చినాడా అన్నాడు. ఇంకొకడు, పాప విప్పితే పేటలు అట్లా సమంగా విచ్చుకుంటాయి, నేను పదేళ్ళుగా చూస్తా ఉండాను అన్నాడు. వరస వరసంతా పాప చేతులు, పాప చేతులు అని మాట పాకిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ప్రొజెక్టరు వెనక్కి జరిగాను. చొక్కా అంచు కలిపాను, ఉంగరం కలిపాను, వెలుగు కలిపాను. ఆయనది ఎడమచేతి వాటం అని షూటింగు నాడు పొద్దుటి నుంచి నా కెమెరాలోనే చూస్తూ కూడా, అది మాత్రం నాకు కనపడలేదు. తండ్రికీ కూతురికీ ఆ రోజే తెలుసు. చెప్పలేదు.

లైట్లు వేశారు. వేదిక మీద పెద్దాయన జనం వైపు చూస్తూ, ఏమంటా ఉండారు అని అడిగాడు. పక్కనున్న ఒకరిద్దరు చెప్పబోయారు. ఆయనకు వినపడలేదు. వినపడే గొంతు ఒక్కటే ఉంది. అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కొంగు సరిచేసుకుని, వంగి, తండ్రి చెవిలో చెప్పాలి గనక గట్టిగానే చెప్పింది.

"ఆ చేతులు నావి అంటా ఉండారు నాయనా."

పెద్దాయన, ఎవురు చెప్పినారు అన్నాడు. ఆవిడ ముందు వరసలను చూపించింది. ఆయన వాళ్ళందరినీ ఒకసారి చూసి, తమ్ముడి కొడుకు వైపు తిరిగాడు.

"నేను చెప్పలేదబ్బాయా. మీ నాయనకు ఇచ్చిన మాట నా దగ్గరే ఉండాది. వాళ్ళు చెప్తా ఉండారు."

అప్పుడు తమ్ముడి కొడుకు మనసులో ఏం జరిగిందో నాకు తెలియదు. మొహం మాత్రం ఎర్రబడింది. ప్రొజెక్టరు వైపు, అంటే నా వైపు, ఒకసారి చూశాడు. నేను ఏదో వైరు సరిచేస్తున్నట్టు వంగాను. తర్వాత అతను వేదిక ఎక్కి, పెదనాన్న దగ్గర కూర్చుని, ఆయనకు వినపడదని గుర్తొచ్చి అక్కతోనే అన్నాడు.

"అక్కా, మా నాయనకు ఇచ్చిన మాట నేను తిరిగి ఇచ్చేస్తా ఉండానని పెదనాయనకు చెప్పు. నాకు నైలాన్ చాలు. దానికి పురి విప్పే పని లేదు."

ఆవిడకు అప్పుడు ఏడుపొచ్చింది. ఆ మాట చెప్పడానికి రెండు మూడుసార్లు ప్రయత్నించింది. ఆయనకు ఎంత వినపడిందో గానీ, అప్పటికే ఉంగరం వేలి మీంచి తీసేశాడు. వణికే చేత్తో తొడుగుతుంటే అది సరిగ్గా ఎక్కలేదు. తమ్ముడి కొడుకే ఆయన మణికట్టు పట్టుకుని సాయం చేశాడు. నా చేతిలో ఆ రోజు కెమెరా లేదు. హాలు వాళ్ళు పెట్టిన నాలుగు కెమెరాలు ఉన్నాయి. వాటిలో మూడు భోజనాల వైపు, ఒకటి పూల డెకరేషన్ వైపు ఉన్నాయి.

నేను తీసేసిన ముక్కను సౌండు మనిషి తన దగ్గర దాచి ఉంచాడు. ఎప్పుడూ ఏదీ పారేయడు ఆయన. మరుసటి వారం పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఇద్దరం వెళ్ళి, నేను చేసిన పని దాచకుండా చెప్పి ఆవిడకు ఇచ్చాను. ఆవిడ తీసుకుని గల్లా పక్క అరలో పెట్టింది. మీరు చూడరా అమ్మా అంటే, ఆ పొద్దు నేను ఆడనే ఉండాను గదన్నా, మళ్ళీ చూసేదేముంది అన్నది. ముప్పై రెండేళ్ళు జరిగినదాన్ని మళ్ళీ జరిపించి బతికినవాడికి ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది.

రిటైరయ్యాక ఈ మధ్య ఒకసారి మిద్దె మీద బట్టలారేయడానికి తాడు కావాలని మా ఆవిడ అంటే, మా వీధిలోనే దొరుకుతున్నా జార్జి టౌన్‌కు పోయాను. అంగడిలో ఆవిడే కూర్చుని ఉంది. పెద్దాయన వెనక పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాడు. ఉంగరం ఆవిడ ఎడంచేతికి ఉంది, తాడుకు తగలకుండా. నన్ను చూసి నవ్వి, నా కోసం ఒక చుట్ట దింపి, కొన పట్టుకుని పురి విప్పి చూపించింది. ఎంత బాగా విప్పిందంటే, చేతిలో కెమెరా లేదన్న సంగతి మరిచిపోయి నేను ఇంకోసారి అమ్మా అనేశాను.

ఆవిడ తాడు మీంచి చూపు తిప్పకుండానే పురి మళ్ళీ బిగించింది.

"ఒక కొన ఒకసారే విప్పాలన్నా" అన్నది.

వెనక నుంచి పెద్దాయన కళ్ళు తెరవకుండానే తల ఊపాడు. ఆ గొంతు ఒక్కటే కదా ఆయనకు వినపడేది.